ఆ గీత వాళ్ళమ్మది

మొన్న ఆదివారం మా కింది అంతస్తులో ఉండే అమ్మాయి ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళ తమ్ముడు హాస్టల్ గోడ పక్కన దొరికిందని తెచ్చిచ్చిన పిల్లిపిల్లకి రక్తపరీక్ష చేయిస్తే, పిల్లుల్లో రోగాల్ని తట్టుకునే శక్తిని దెబ్బతీసే వైరస్ ఉందని, అంటే ఎఫ్‌ఐవీ పాజిటివ్ అని వచ్చిందట. "ఆంటీ, మీ పులికి కూడా ఇలాగే వచ్చిందటగా, ఇప్పుడెలా ఉంది?" అంది. మా పిల్లి పులి అప్పుడు ఫ్రిజ్ మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆ అమ్మాయికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అప్పట్లో నాకు ఇది తెలుగులో విడమరిచి చెప్పేవాళ్ళు ఒక్కరు దొరికినా ఆ మొదటి వారం అంతలా ఏడ్చేదాన్ని కాదు.

పోయినేడాది జులైలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టింది. మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి నీళ్ళు రావడం మొదలైంది. జనరేటర్ వెనక సన్నటి అరుపు వినిపిస్తోందని వాచ్‌మన్ భార్య వచ్చి చెప్పింది. అక్కడ ఒక చారల పిల్లి పిల్లల్ని పెట్టిందని మా అందరికీ తెలుసు. నీళ్ళు చూసి అది పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఎటో మార్చేసింది. ఇదొక్కటీ మిగిలిపోయింది. తల్లి మళ్ళీ వస్తుందేమోనని చీకటి పడేదాకా చూశాం. రాలేదు. పాత తువ్వాలు తీసుకుని దిగి, దాన్ని చుట్టుకుని పైకి తెచ్చేశాను. తల్లిలాగే బూడిదరంగు మీద నల్లటి చారలు. మా పాప ఆ రాత్రే పులి అని పేరు పెట్టేసింది.

మా ఇంట్లో అప్పటికే మల్లి ఉంది. ఐదేళ్ళది, తెల్లది, గడప దాటి ఎరగదు. దానికి ఏటా టీకాలు వేయిస్తాం. అయితే మేం వేయించేది రేబీస్ టీకా, మూడు వైరస్‌లకి కలిపి ఇచ్చే టీకా మాత్రమే. పిల్లుల్లో ఇంకో రెండు వైరస్‌లున్నాయి, ఒకటి పిల్లులకి క్యాన్సర్ తేగల ఫెలైన్ ల్యుకేమియా, రెండోది మనుషుల్లో ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవీ జాతికే చెందిన ఎఫ్‌ఐవీ. ఆ టీకాలు ఈ రెండింటినీ ఆపలేవు. బయటినుంచి కొత్త పిల్లి వస్తే ఈ రెండింటికీ టెస్టు చేయించాకే పాతదానితో కలపాలని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి పులిని బాత్రూమ్‌లో పెట్టి, మర్నాడే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

అక్కడ రక్తం తీసి కిట్ మీద వేశారు. ఈలోగా ఒక కుక్కకి ఏదో అర్జెంటయితే అందరూ అటు వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి ముప్పావుగంట దాటింది. కిట్ చూసిన కుర్రాడు నా మొహం వైపు కూడా చూడకుండా, "మేడమ్, దీనికి ఎయిడ్స్ ఉంది" అన్నాడు. మీ ఇంట్లో పిల్లికి అంటుకుంటుంది, ఇది ఎలాగూ బతకదు, ఇంజెక్షన్ ఇచ్చేద్దామా, లేకపోతే దొరికిన చోటే వదిలేస్తారా అని అడిగాడు. ఇంజెక్షన్ అంటే ఏ ఇంజెక్షనో నాకు ఒక నిమిషం దాకా తట్టలేదు. తట్టాక డబ్బులు కట్టేసి, బుట్ట గుండెకి ఆనించుకుని బయటికి వచ్చేశాను. ఇన్నాళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక ప్రాణం ఉండాలో పోవాలో తేల్చే మాట అది. అలా గోడకి చెప్పినట్టు చెప్పకూడదు.

ఇంటికొచ్చాక ఎయిడ్స్ అన్న ఆ ఒక్క మాటే పెద్ద గొడవ చేసింది. అత్తయ్య పాపని తన గదిలోంచి బయటికి రానివ్వలేదు. మా ఆయన ఏమీ అనలేదు గానీ, రాత్రి రెండుసార్లు లేచి చేతులు కడుక్కున్నారు. నేను బాత్రూమ్ తలుపు దగ్గర కూర్చుని లోపల పులి గోకుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాను.

నాలుగో రోజు, పిల్లులు పెంచే మా కొలీగ్ చెబితే నగరంలో ఇంకో చివర ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ రిపోర్టు కాగితం చూసి మొదట అడిగింది ఒకటే. "కిట్ ఎన్ని నిమిషాలకి చూశారమ్మా?" ముప్పావుగంట అన్నాను. "ఈ రకం కిట్ పది నిమిషాలకి చూడాలి. ఆ తర్వాత ఆరిపోతూ వచ్చే గీతలకి విలువ లేదు. మళ్ళీ చేద్దాం" అన్నారు.

తూకం వేస్తే 690 గ్రాములుంది. దాని ఒంట్లో రక్తమంతా కలిపినా సుమారు 40 మిల్లీలీటర్లు ఉంటుందట. అంటే చిన్న టీ కప్పులో సగం. అందులో మనకి ఒక్క మిల్లీలీటరు లోపే చాలు, భయపడకండి అన్నారు. ముందు కాలి నరంలో చూశారు. దారంలా ఉంది, అందలేదు. తర్వాత మెడ దగ్గర. బల్ల అంచున దాన్ని బోర్లా పడుకోబెట్టి, ముందుకాళ్ళు రెండూ ఒక చేత్తో కిందికి, గడ్డం ఇంకో చేత్తో పైకి పట్టుకోమని నాకే చెప్పారు. స్పిరిట్ దూదితో తుడిస్తే బొచ్చు రెండుగా విడిపోయి మెడ మీద నీలంగా నరం కనిపించింది. నా వేళ్ళ కింద దాని గుండె లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. సూది దిగినప్పుడు అరవలేదు. తీశాక దూది పెట్టి నొక్కి పట్టుకుంటే తల తిప్పి నా బొటనవేలు నాకింది. నేనక్కడే ఏడ్చేశాను. డాక్టరమ్మ ఏమీ అనకుండా టిష్యూ పెట్టె నా వైపు జరిపారు.

కిట్ చూడటానికి కోవిడ్ రోజుల్లో మనం ముక్కులో పుల్ల పెట్టుకుని చేసుకున్నదానిలాగే ఉంది. కాకపోతే దీనికి రెండు కిటికీలు. ఒకటి ఎఫ్‌ఐవీకి, ఒకటి ల్యుకేమియాకి. ఒక్కో కిటికీలో సి, టి అని రెండు గుర్తులు. సి దగ్గర గీత రాకపోతే కిట్టే పనిచేయనట్టు. టి దగ్గర వస్తే పాజిటివ్. చుక్క రక్తం వేసి, దాని మీద ద్రావణం చుక్కలు వేసి, ఆవిడ ఫోన్లో టైమర్ పెట్టి బల్ల మీద ఉంచారు. ఎర్రటి తడి కిటికీలో మెల్లగా పాకుతూ వెళ్ళింది. సి దగ్గర రెండు గీతలూ వచ్చాయి. ల్యుకేమియా కిటికీలో టి దగ్గర తెల్లగానే ఉంది. ఎఫ్‌ఐవీ కిటికీలో ఆరో నిమిషానికి లేత గులాబీ రంగు మొదలైంది. పది నిమిషాలకి ఎవరూ కాదనలేనంత చిక్కబడింది.

ఆ క్లినిక్‌లో పద్ధతి తప్పారు గానీ గీత అబద్ధం కాదు. నేను కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాటలే నన్ను నిలబెట్టాయి. ల్యుకేమియా కిటికీ వైరస్‌నే వెతుకుతుంది. ఆ వైరస్ తాలూకు పి27 అనే ప్రోటీన్ రక్తంలో ఉంటే గీత వస్తుంది. ఎఫ్‌ఐవీ కిటికీ అలా కాదు. అది వైరస్‌ని వెతకదు, వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలని వెతుకుతుంది. ఎఫ్‌ఐవీ ఒకసారి సోకితే పోయేది కాదు కాబట్టి పెద్ద పిల్లిలో యాంటీబాడీలుంటే వైరస్ కూడా ఉన్నట్టే లెక్క. "కానీ ఇది రెండు నెలల పిల్ల. వాళ్ళమ్మ ముర్రుపాలు తాగింది కదమ్మా" అన్నారావిడ.

నాకు వెంటనే మా ఊళ్ళో పశువుల కొట్టం గుర్తొచ్చింది. ఆవు ఈనితే జున్ను కోసం మేం పిల్లలం గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్ళం. మా నాన్న మాత్రం ముందు దూడ కడుపునిండా ముర్రుపాలు తాగాలి, అప్పుడే అది రోగాలకి తట్టుకుంటుంది, మిగిలితేనే మీకు జున్ను అనేవారు. పిల్లిలోనూ అంతే. తల్లికి ఎఫ్‌ఐవీ ఉంటే దాని యాంటీబాడీలు ముర్రుపాలతో పిల్లకి చేరతాయి. ఆ కిట్టుకి అవి తల్లివో పిల్లవో తెలియదు, ఉన్నాయా లేదా అనే చెబుతుంది. తల్లి నుంచి పిల్లకి వైరసే రావడం జరగొచ్చు గానీ అరుదు. ఎక్కువసార్లు వచ్చేది యాంటీబాడీలు మాత్రమే. అవి నెలలు గడిచేకొద్దీ కరిగిపోతాయి. ఆరు నెలలు నిండాక చేసే టెస్టులో గీత పోతే అది తల్లిది. పోకపోతే దీనిదే. అప్పటిదాకా దీన్ని పాజిటివ్ అనీ నెగిటివ్ అనీ పిలవొద్దు అన్నారు.

అత్తయ్య సంగతి చెబితే ఫోన్ స్పీకర్లో పెట్టమని ఆవిడే మాట్లాడారు. "అమ్మా, ఈ వైరస్‌ని 1986లో కనుక్కున్నారు. అప్పటినుంచి ఇప్పటిదాకా మనిషికి సోకిన దాఖలా లేదు. పిల్లి నుంచి పిల్లికే, అదీ ముఖ్యంగా గట్టిగా కొరుక్కుంటేనే వస్తుంది." అవతల అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పాలు పడతాయా దానికి, పెరుగన్నం పెట్టనా?" అని అడిగారు. రెండూ వద్దని డాక్టరమ్మ చెప్పారనుకోండి. కానీ ఆ ప్రశ్నతో మా ఇంట్లో యుద్ధం అయిపోయింది.

ఆ పూట తీసిన మిగతా రక్తం ఊదారంగు మూత గొట్టంలో పోసి, ఐస్ ప్యాక్‌తో థర్మాకోల్ డబ్బాలో పీసీఆర్‌కి పంపాం. అది వైరస్ జన్యువునే వెతికే టెస్టు కాబట్టి తల్లి యాంటీబాడీలు అడ్డురావు. ఖర్చు కిట్టు కంటే చాలా ఎక్కువే. ఆరో రోజు ఫోన్లో రిపోర్టు వచ్చింది, ఎఫ్‌ఐవీ కనబడలేదని. ఎగిరి గంతేసి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "సంతోషించండి, కానీ సగమే. ఈ వైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి, మన టెస్టు అన్నింటినీ పట్టుకోలేదు. రక్తంలో వైరస్ మరీ తక్కువున్నా ఇలాగే వస్తుంది. ఆరు నెలల మాట మీదే ఉందాం" అన్నారు. అప్పుడు నాకు కొంచెం నిరాశే కలిగింది గానీ, తర్వాత ఆవిడ మీద గౌరవం పెరిగింది. నాకు నచ్చే జవాబు చెప్పి పంపేయడం ఆవిడకి చాలా తేలిక.

అసలు జాగ్రత్త పడాల్సింది ల్యుకేమియా విషయంలోనట. అది కొరికితేనే కాదు, ఒకదాన్నొకటి నాక్కున్నా, ఒకే గిన్నెలో తిన్నా అంటుకోవచ్చు. సోకిన కొత్తలో టెస్టులో కనిపించదు కూడా. ఇవాళ నెగిటివ్ వచ్చినా కనీసం 30 రోజులాగి మళ్ళీ చేయాలి, అప్పటిదాకా మల్లి గిన్నె వేరు, దీని గిన్నె వేరు అన్నారు. నేను ఎఫ్‌ఐవీ అనే పేరు పట్టుకుని ఏడుస్తున్నాను గానీ, మల్లికి ఎక్కువ ముప్పు ఆ రెండో కిటికీలోనే ఉంది. ఆ క్లినిక్‌లో దాని ఊసే ఎత్తలేదు.

ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టక చాలా చదివాను. ల్యుకేమియా వైరస్‌ని 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ కనుక్కున్నారు. ఒకే ఇంట్లో ఉన్న పిల్లులకి వరసగా ఒకే రకం క్యాన్సర్ రావడం చూసి, ఇది అంటుకునేదేమోనని వెతికారట. ఎఫ్‌ఐవీ కథ ఇంకా మనసుకి పట్టింది. కాలిఫోర్నియాలో పెటలూమా అనే ఊళ్ళో దిక్కులేని పిల్లుల్ని చేరదీసే ఒక చోట, ఒకే గదిలో ఉంచినవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి జబ్బుపడ్డాయి. పక్క గదుల్లోవి బాగానే ఉన్నాయి. డేవిస్‌లోని యూనివర్సిటీలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో ఆ తేడా పట్టుకుని వైరస్ దాకా వెళ్ళారు. అప్పుడు గదులు వేరుగా ఉండబట్టే ఆ తేడా బయటపడింది. నేను కూడా ఇంట్లో ఒక గది వేరు చేసి కూర్చున్నాను కదా అనిపించి ధైర్యం వచ్చింది.

పులికి బాల్కనీ పక్కన చిన్న గది ఇచ్చాం. దాని గిన్నెలు, ఇసుక ట్రే, తువ్వాలు అన్నీ వేరు. ముందు దాని దగ్గరికి వెళ్ళి తర్వాత మల్లి దగ్గరికి వెళ్ళకూడదు, మల్లి పని అయ్యాకే దాని దగ్గరికి. మధ్యలో ఒకసారి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ప్రాణం తీసే పార్వో జాతి వైరస్ జబ్బు పాన్‌ల్యుకోపేనియా ఏమోనని హడలిపోయాం. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి చావదట. విరేచనం పుల్లతో తీసి టెస్టు చేస్తే నెగిటివ్, ఆ జబ్బులో పడిపోయే రక్తంలోని తెల్లకణాలు కూడా తగ్గలేదు. కడుపులో నులిపురుగులు, అంతే. టీకా వేశాక ఆ టెస్టు చేస్తే టీకా వల్లే సన్నటి గీత వచ్చి గందరగోళం అవుతుందని, అందుకే టీకాకి ముందు చేస్తున్నానని డాక్టరమ్మ చెప్పారు. దేని తర్వాత ఏది చేయాలో తెలిసిన డాక్టరు దొరకడం మా పులి అదృష్టం.

సెప్టెంబరు మొదటి వారంలో రెండో టెస్టు. ల్యుకేమియా మళ్ళీ నెగిటివ్. నా కళ్ళు ఇంకో కిటికీ మీదే ఉన్నాయి. టి దగ్గర గీత వచ్చింది. కానీ ఈసారి చాలా పల్చగా, నాలుగు రోజులయ్యాక కాలి మీద మిగిలిన పారాణిలా ఉంది. "తగ్గిపోతోంది కదండీ" అన్నాను ఆశగా. "పల్చనా, చిక్కనా అని చూడకూడదమ్మా. ఉందంటే ఉన్నట్టే. మనం అనుకున్న రోజు ఇంకా రాలేదు" అన్నారు.

ల్యుకేమియా బెంగ తీరింది కాబట్టి మల్లికి, పులికి మధ్య దోమతెర తలుపు ఒకటి పెట్టించి పరిచయం మొదలుపెట్టాం. మొదటి వారం మల్లి బుస్సుమంది. రెండో వారం తెరకి అటూ ఇటూ కూర్చుని ఒకేసారి తిన్నాయి. పోట్లాడుకోని పిల్లుల మధ్య ఎఫ్‌ఐవీ పాకడం తక్కువేనని డాక్టరమ్మ అన్నా, నేను తలుపు తీసింది మాత్రం మేం దగ్గరుండి చూస్తున్నప్పుడే.

ఆ పల్చటి గీత చూసిన రోజునుంచి నా మనసు తల్లి మీదికి పోయింది. అది నిజంగా తల్లిదే అయితే, ఆ తల్లి జబ్బుతోనే వానలో, ఎండలో తిరుగుతోంది. ఈ రెండు నెలలూ నేను పిల్ల గురించి దేవుడికి మొక్కుకుంటున్నానంటే, ఆ గీత తల్లిదే కావాలని, అంటే జబ్బు తల్లికే ఉండాలని కోరుకుంటున్నట్టే కదా. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సయించలేదు.

వాచ్‌మన్ భార్యని అడిగితే, అది రోజూ సాయంత్రం చెత్తకుండీ దగ్గరికి వస్తుందని చెప్పింది. వీధి పిల్లులకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించే కుర్రాళ్ళిద్దరు బోను పట్టుకొచ్చారు. మొదటి రెండు రోజులు ఉడికించిన చికెన్ పెట్టాం, దూరం నుంచే వాసన చూసి వెళ్ళిపోయింది. మూడో రోజు వాచ్‌మన్ భార్య ఎండుచేపలు కాల్చి పెట్టింది. పావుగంటలో బోను తలుపు పడింది. ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడే రక్తం తీశారు. కిట్ దగ్గర ఈసారి నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. నాలుగో నిమిషానికే ఎఫ్‌ఐవీ కిటికీలో గీత వచ్చింది. ముదురు గులాబీ, చిక్కగా. ల్యుకేమియా లేదు. దాని మెడ మీద, బొచ్చు కింద, ఎప్పటివో నాలుగు పాత గాట్లున్నాయి. బలిసిన మగపిల్లి పళ్ళు దిగిన చోటు అని డాక్టరమ్మ వేలితో చూపించారు. దీనికి ఈ జబ్బు అక్కడినుంచే వచ్చి ఉండొచ్చు అన్నారు.

దాన్ని ఏం చేయాలనే ప్రశ్న వచ్చింది. ఇంట్లో కట్టిపడేస్తే ఉండే పిల్లి కాదది. ఆపరేషన్ అయిన ఆడపిల్లి జత కట్టదు, కాట్లాటలు తగ్గిపోతాయి, ఇక పిల్లలు పుట్టరు, ఎఫ్‌ఐవీ ఉన్నా కడుపునిండా తిండి దొరికితే ఏళ్ళ తరబడి బతికే పిల్లులున్నాయి అని డాక్టరమ్మ చెప్పారు. నాలుగు రోజులు ఉంచుకుని, ఎడమ చెవి కొస కొంచెం కత్తిరించిన గుర్తుతో సెల్లారులో వదిలాం. ఇది సరైన పనేనా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నా మటుకు నాకు సరైనదే.

కార్తీకం చివర్లో, పులికి ఆరు నెలలు దాటాక, మూడో టెస్టు. అప్పటికి రెండున్నర కిలోలైంది, పట్టుకోవడానికి ఇద్దరం కావలసివచ్చింది. మా ఆయన కూడా వచ్చారు. పది నిమిషాలూ ఎవరం మాట్లాడలేదు. టైమర్ మోగింది. డాక్టరమ్మ కిట్ తీసి కిటికీ వెలుగులో పెట్టి, వాల్చి, మళ్ళీ నిటారుగా పెట్టి చూశారు. తర్వాత నా చేతికిచ్చారు. సి దగ్గర రెండు గీతలు. టి దగ్గర రెండు చోట్లా తెలుపు. ఏ వైపు వంచి చూసినా తెలుపే.

ఇదంతా విన్న కింది అంతస్తు అమ్మాయి తన కాగితం మళ్ళీ తీసి చూసుకుంది. వాళ్ళ పిల్లకి ఇంకా పాలపళ్ళే, డాక్టరు రాసిన వయసు తొమ్మిది వారాలు. వేళ్ళ మీద లెక్కపెట్టి, ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయో ఫోన్ క్యాలెండర్లో పెట్టుకుంది. ఈలోగా ల్యుకేమియా కోసం నెల తర్వాతి తేదీ కూడా పెట్టించాను. ఆరు గంటలైంది, గిన్నె తీసుకుని ఇద్దరం సెల్లారుకి దిగాం. చెవి కొస తెగిన చారలపిల్లి జనరేటర్ పక్కనుంచి వచ్చి, మాకు రెండడుగుల దూరంలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. కాస్త ఒళ్ళు చేసింది కూడా.

ఆ అమ్మాయి అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, హాస్టల్ గోడ దగ్గర పెద్ద పిల్లి ఏదైనా తిరుగుతోందేమో రేపు పొద్దున్నే చూడు. నిజంగా చూడు, మర్చిపోకు."